పరాయి గదిలో మన సర్వర్: చేయవలసినవి, చేయకూడనివి

ఒక ఏప్రిల్‌లో తెల్లవారుజామున విజయవాడలో బయల్దేరి, సూర్యాపేటలో టీకి కూడా ఆగకుండా హైదరాబాద్ చేరాను. డేటా సెంటర్ గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి, పాసు మెడలో వేసుకుని, మూడు తలుపులు దాటి మా సర్వర్ ముందు నిలబడ్డాను. మానిటర్, కీబోర్డు తగిలించి చూస్తే, ప్రాసెసర్ ఫ్యాన్ కనిపించడం లేదనీ, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కమనీ తెర మీద ఉంది. నొక్కాను. సర్వర్ లేచింది.

నిజానికి ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. బిగించిన రోజు దాని వైరు అందక పక్కనున్న వేరే పిన్నులకు తగిలించాం. మదర్‌బోర్డు గోల చేస్తుంటే ఆ హెచ్చరికను బయోస్‌లో ఆపేశాం. రెండేళ్ల తర్వాత బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. ర్యాక్ మరమ్మతు కోసం ఒక రాత్రి కరెంటు తీసి మళ్లీ ఇచ్చేసరికి మేం చేసిన సెట్టింగులన్నీ చెరిగిపోయాయి. అలా ఒక్క మీట నొక్కే మనిషి లేక వెబ్‌సైటు పదకొండు గంటలు మూతపడింది. ఆ సైటు మీద ఆధారపడిన చిన్న ఆసుపత్రుల వాళ్లు ఆ ఉదయం రోగుల రిపోర్టులు తెరవలేకపోయారు. అది నేను మరచిపోలేదు.

కొలొకేషన్ అంటే గది వాళ్లది, సామాను మనది. కరెంటు, చల్లదనం, ఇంటర్నెట్ లైను, కాపలా వాళ్లు చూసుకుంటారు. యంత్రం లోపల ఏది చెడినా బాధ్యత మనదే. మనం అక్కడ ఉండం. అర్ధరాత్రి ఫోను చేస్తే డ్యూటీలో ఉన్న కుర్రాడెవరో మన ర్యాక్ దగ్గరికి వెళతాడు. అతను మన సర్వర్‌ను అంతకు ముందు చూసి ఉండడు. అందుకే కొనే ప్రతి భాగానికీ నేను ఒక్కటే ప్రశ్న వేసుకుంటాను. ఇది రాత్రి రెండు గంటలకు చెడిపోతే, ముక్కూముఖం తెలియని మనిషి దీన్ని దెబ్బ తగలకుండా, పక్కవాళ్ల యంత్రాన్ని ఆపకుండా మార్చగలడా? ఎంత వేగవంతమైన భాగమైనా ఈ ప్రశ్నకు నిలవకపోతే దాన్ని కొనను. ఇక్కడ రాసినవన్నీ ఆ ప్రశ్న నుంచి పుట్టినవే.

కరెంటు

ముందుగా డేటా సెంటర్ వాళ్ల దగ్గర మీకిచ్చే కరెంటు ఎన్ని ఆంపియర్లో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తర్వాతే ప్రాసెసర్ సంగతి. 230 వోల్టుల దగ్గర రెండు ఆంపియర్లంటే 460 వోల్ట్-ఆంపియర్లు. అందులో నిరంతరం 80 శాతానికి మించి వాడకూడదన్నది ఎలక్ట్రీషియన్లు పాటించే లెక్క. అంటే చేతిలో ఉన్నది సుమారు 370. రెండు ప్రాసెసర్లూ, పన్నెండు డిస్కులూ ఉన్న పెట్టె కొని, ఆ తర్వాత కరెంటు చాలదని తెలుసుకున్నవాళ్లు నాకు తెలుసు.

డబ్బా మీద రాసిన వాట్లను నమ్మకండి. సామాను మొత్తం బిగించాక ఇంట్లోనో ఆఫీసులోనో ప్లగ్గుకు తగిలించే వాట్ మీటరు పెట్టి, ప్రాసెసర్‌కూ డిస్కులకూ పూర్తి పని చెప్పి, గంటసేపు కొలవండి. ఆన్ చేసిన క్షణంలో ఎంత లాగుతుందో కూడా చూడండి. మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కు మామూలుగా తిరిగేటప్పుడు ఆరేడు వాట్లు తీసుకున్నా, ఆగి ఉన్నది తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఇరవై దాటి లాగుతుంది. పన్నెండు డిస్కులు ఒకేసారి లేస్తే అదొక్కటే రెండు మూడు వందల వాట్లు. అందుకే డిస్కులను ఒకదాని తర్వాత ఒకటిగా లేపే సౌకర్యం ఉన్న కంట్రోలరునే తీసుకోవాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు ర్యాక్‌లోని యంత్రాలన్నీ ఒక్కసారి లేస్తాయి. మీ పెట్టె వల్ల బ్రేకర్ పడితే మీతో పాటు పదిమంది చీకట్లోకి పోతారు.

పవర్ సప్లైలు రెండు ఉండాలి. అవి పెట్టె మూత తీయకుండా వెనక నుంచి లాగి మార్చగలిగేవి కావాలి. డేటా సెంటర్ ఇచ్చే రెండు విడి కరెంటు లైన్లలో ఒకటి 'ఏ' లైనుకూ, రెండోది 'బీ' లైనుకూ తగిలించాలి. రెండూ ఉన్నాయి కదా అని బలాన్ని చెరిసగం లెక్క వేయకండి. సర్వర్ 600 వాట్లు లాగుతుంటే 500 వాట్ల సప్లైలు రెండు పెట్టడం దండగ. ఒకటి పోయిన క్షణంలోనే రెండోది భారం మోయలేక ఆగిపోతుంది. ప్రతి ఒక్కటీ ఒంటరిగా మొత్తం బరువు మోయాలి. ప్రతి లైను మీదా 40 శాతం లోపే ఉంచితే, ఒకటి పడిపోయినా రెండోది 80 దగ్గర నిలుస్తుంది. పంపేముందు పూర్తి పని నడుస్తుండగా ఒక వైరు పీకి చూడండి. తర్వాత రెండోది. ఈ పరీక్ష మీ బల్ల మీద జరగాలి. డేటా సెంటర్‌లో మొదటిసారి జరగకూడదు.

పవర్ సప్లై మీది 80 ప్లస్ ముద్రలో బంగారం, ప్లాటినం, టైటానియం తేడాలు మాటవరసకు రాసినవి కావు. 230 వోల్టుల పరీక్షలో సగం భారం మీద ఇవి వరుసగా 92, 94, 96 శాతం సామర్థ్యం చూపాలి. మిగిలినదంతా వేడి. కరెంటుకూ, ఆ వేడిని చల్లార్చడానికీ నెలనెలా డబ్బు కట్టేది మీరే.

ఇక ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడనివి. నాలుగు పిన్నుల పాత మోలెక్స్ కనెక్టరు నుంచి సాటా డిస్కుకు కరెంటు ఇచ్చే అచ్చుపోసిన అడాప్టర్లు వాడకండి. వాటి ప్లాస్టిక్ లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి షార్టై, కరిగి కాలిపోవడం హార్డ్‌వేర్ మరమ్మతులు చేసేవాళ్లందరూ చూసినదే. డిస్కులకు వైర్లు చాలకపోతే పెట్టె ఎంపికే తప్పు. డిస్కులన్నిటికీ ఒకే బ్యాక్‌ప్లేన్ బోర్డు ఉన్న పెట్టె తీసుకోండి. ఇంట్లో వాడే స్పైక్ బస్టర్‌ను ర్యాక్‌లోకి తీసుకెళ్లకండి. చిన్న యూపీఎస్ కూడా వద్దు. ప్రమాదం వచ్చి వాళ్లు గది మొత్తానికీ కరెంటు తీసేసినా, మీ బ్యాటరీ మాత్రం లోపల కరెంటు ఇస్తూనే ఉంటుంది. మంట ఆర్పడానికి వచ్చిన మనిషికి ఆ సంగతి తెలియదు. సీ13 తలకాయ ఉన్న వైరు పది ఆంపియర్లకూ, సీ19 ఉన్నది పదహారు ఆంపియర్లకూ ఉద్దేశించినవి. రాగి పలుచగా ఉన్న చవక వైరు మీద అదే అచ్చు ఉన్నా దాని సత్తా అంత ఉండదు. ఐఎస్ఐ ముద్ర ఉన్నది కొనండి. పవర్ సప్లై పెట్టెను స్వయంగా విప్పకండి. వైరు తీశాక కూడా దాని లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్రాణం తీయగల వోల్టేజీ కాసేపు నిలిచి ఉంటుంది.

పెట్టె, రెయిల్స్, బరువు

ర్యాక్ వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును యూలలో లెక్కిస్తారు. ఒక యూ అంటే 44.45 మిల్లీమీటర్లు. ఇది అందరికీ తెలుసు. లోతు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ర్యాక్‌లో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి దూరం ఎంతో అడిగి, మీ రెయిల్స్ అంతవరకు సాగుతాయో లేదో చూసుకోండి. రంధ్రాలు చతురస్రమా, గుండ్రమా అన్నదీ అడగండి. రెయిల్స్ విడిగా కొనాల్సి వస్తే ఆ పెట్టె మోడల్‌కు చెప్పినవే కొనండి.

రెయిల్స్ లేకుండా కింది ఖాతాదారు సర్వర్ మూత మీద మీ పెట్టెను ఆనించి పెట్టకండి. ముందున్న రెండు చెవులకు స్క్రూలు బిగించి వేలాడదీయడమూ అంతే ప్రమాదం. కింది యంత్రాన్ని మార్చడానికి ఎవరైనా లాగిన రోజు మీది వాళ్ల చేతుల మీద పడుతుంది. 1యూ సర్వరే పదిహేను, ఇరవై కిలోలు ఉంటుంది. ముప్ఫై ఆరు డిస్కులతో నిండిన 4యూ పెట్టె యాభై కిలోలు దాటుతుంది. అలాంటిదాన్ని ఒక్కరే ఎత్తకూడదు. డిస్కులన్నీ తీసి, నంబర్లు వేసి, ఖాళీ పెట్టెను ఇద్దరు ఎత్తి ర్యాక్‌లో కూర్చోబెట్టాక మళ్లీ డిస్కులు తొడగాలి. బరువైనవి అడుగున ఉండాలి. ఒకేసారి రెండు సర్వర్లను రెయిల్స్ మీద ముందుకు లాగకండి. నేలకు బిగించని ర్యాక్ ముందుకు ఒరుగుతుంది.

అట్టపెట్టెలను సర్వర్ల గదిలోకి తీసుకెళ్లకండి. బయటి గదిలోనే విప్పాలి. అట్ట నుంచి రాలే నూగు ఫ్యాన్ల ద్వారా అందరి యంత్రాల్లోకీ పోతుంది. పైగా అది మండే వస్తువు. మంచి డేటా సెంటర్లు తమంతట తామే దీన్ని ఆపుతాయి. ఆపకపోయినా మీరు పాటించండి.

వేడి, గాలి

డేటా సెంటర్లలో సర్వర్ ముందు వైపు చల్లటి వరుస, వెనక వైపు వేడి వరుస. ముందు నుంచి పీల్చి వెనక్కి వదిలే యంత్రమే అక్కడ సరిపోతుంది. సర్వర్లు దాదాపు అన్నీ ఇలాగే ఉంటాయి. నెట్‌వర్క్ స్విచ్‌లలో మాత్రం రెండు రకాలూ దొరుకుతాయి. పోర్టుల వైపు నుంచి పీల్చేది, పోర్టుల వైపుకు వదిలేది. తప్పు రకం కొంటే అది వెనక నుంచి వేడిగాలి తాగుతూ బతకాలి. లోపలికి పోయే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది అమెరికాలోని ఆష్రే సంస్థ సిఫారసు. డేటా సెంటర్లు ఎక్కువగా పాటించేది కూడా అదే.

1యూ పెట్టెలో నలభై మిల్లీమీటర్ల ఫ్యాన్లు నిమిషానికి పది వేల చుట్లు దాటి తిరుగుతాయి. ఒకటి ఆగితే మిగిలినవి గట్టిగా అరుస్తాయి. స్థలం అద్దె భరించగలిగితే 2యూ తీసుకోండి. ఫ్యాన్లు పెద్దవి, నెమ్మదిగా తిరుగుతాయి, ఎక్కువ కాలం మన్నుతాయి, మార్చడమూ సులువు. ఒక యూ అద్దె మిగులుతుందని 1యూలో అన్నీ కుక్కడం నా దృష్టిలో తప్పుడు పొదుపు. నీళ్లు తిరిగే డెస్క్‌టాప్ కూలర్లు పరాయి ర్యాక్‌లో వద్దే వద్దు. అవి కారితే నష్టపోయేది కింద ఉన్నవాళ్లు.

మెమరీ

ఈసీసీ లేని ర్యామ్‌తో సర్వర్ పెట్టకండి. ఈ విషయంలో నాకు రాజీ లేదు. డీడీఆర్4 వరకు లెక్క ఇలా ఉంటుంది. 64 బిట్ల సమాచారానికి మరో 8 బిట్ల పహారా ఉంటుంది. ఒక బిట్ తప్పితే సరిచేస్తుంది, రెండు తప్పితే పట్టుకుంటుంది. పరిశోధకురాలు బియాంకా ష్రోడర్ గూగుల్ ఇంజనీర్లతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం గూగుల్ సర్వర్లను రెండున్నరేళ్లు గమనించింది. ఏడాదిలో దాదాపు మూడో వంతు యంత్రాల్లో, ఎనిమిది శాతానికి పైగా ర్యామ్ కార్డుల్లో కనీసం ఒక మెమరీ తప్పు నమోదైంది. అంతకు ముందు అనుకున్నదాని కంటే అది చాలా ఎక్కువ. ఈసీసీ లేని యంత్రంలో ఆ తప్పు మౌనంగా డేటాబేసులోకి పోతుంది. అక్కడి నుంచి బ్యాకప్‌లోకి పోతుంది. మూడు నెలల తర్వాత ఎవరి ఖాతాలోనో అంకె తేడా కనిపించినప్పుడు, అది ఎప్పుడు తప్పిందో చెప్పేవాళ్లుండరు.

డీడీఆర్5 వచ్చాక దుకాణాల్లో ఒక మాట వినిపిస్తోంది. ఇందులో ఈసీసీ ఎలాగూ ఉంటుంది, వేరే ఎందుకని. ఆ మాట నమ్మకండి. చిప్పు లోపల జరిగే సవరణ చిప్పుకే పరిమితం. ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో తప్పు జరిగితే దానికి తెలియదు, మీకు కబురూ రాదు. సర్వర్‌కు కావలసింది కార్డు మీద విడిగా అదనపు చిప్పులున్న ఈసీసీ. మదర్‌బోర్డు, ప్రాసెసర్ రెండూ దాన్ని వాడగలవేనని తయారీదారు పత్రంలో చూసుకోండి. రిజిస్టర్డ్ రకాన్నీ అన్‌బఫర్డ్ రకాన్నీ కలపకూడదు. కొన్నాక ఒక రాత్రంతా మెమరీ పరీక్ష నడపండి. సర్వర్ నడుస్తున్న రోజుల్లో సవరించిన తప్పుల లెక్కను వారానికోసారి చూడండి. ఒకే కార్డు మీద అవి పెరుగుతుంటే, పూర్తిగా పోయేదాకా ఆగకుండా మార్చండి.

డిస్కులు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే మిగిలిన ఏ భాగం పోయినా డబ్బే పోతుంది. డిస్కు పోతే జనం మనల్ని నమ్మి ఇచ్చినది పోతుంది.

2019 నవంబరులో హెచ్‌పీఈ సంస్థ ఒక హెచ్చరిక విడుదల చేసింది. తమ కొన్ని రకాల ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని, వాటిలో డేటా కూడా తిరిగి రాదని. అంటే మూడేళ్ల 270 రోజుల 8 గంటలు. పదిహేను రెండ్లను హెచ్చవేస్తే వచ్చే అంకె అది. డిస్కును నడిపే సాఫ్ట్‌వేర్‌లో గంటల లెక్క దగ్గర పొరపాటు. 2020 మార్చిలో మరో రకానికి అలాంటిదే, ఈసారి 40,000 గంటలకు. ఇందులో అసలు భయం వేరే ఉంది. ఒకే రోజు కొని, ఒకే రోజు ఒకే పెట్టెలో తొడిగిన డిస్కులు ఒకే గంటలో పోతాయి. ఒకటి పోయినా మిగిలినవి కాపాడతాయని పెట్టుకున్న రైడ్ అక్కడ చేతులెత్తేస్తుంది.

ఆ కథ చదివాక మా పద్ధతి మార్చుకున్నాం. జంటగా నడిచే రెండు డిస్కులను ఒకే కంపెనీ ఒకే బ్యాచ్‌లో కొనం. వీలైతే రెండు కంపెనీలవి, కాకపోతే కనీసం రెండు నెలల తేడాతో కొన్నవి. డిస్కు చేతికి రాగానే దాని ఫర్మ్‌వేర్ సంఖ్య రాసుకుని, తయారీదారు సైటులో కొత్తది ఉందేమో చూసి, సర్వర్‌లో పెట్టకముందే ఎక్కిస్తాం. ఆరు నెలలకోసారి మళ్లీ చూస్తాం.

కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు కూడా చేతిలో ఉన్న రాతను పూర్తి చేయగల ఎస్ఎస్‌డీలు కొనండి. వాటి మీద పవర్ లాస్ ప్రొటెక్షన్ అని ఉంటుంది. బోర్డు మీద వరుసగా చిన్న కెపాసిటర్లు కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లకు అమ్మే ఎస్ఎస్‌డీల్లో ఇది చాలావరకు ఉండదు. రాసేశానని డేటాబేసుకు చెప్పి, నిజంగా రాయకుండానే పోయే ప్రమాదం అక్కడే. రోజుకు డిస్కు మొత్తాన్ని ఎన్నిసార్లు రాయవచ్చో తెలిపే అంకె కూడా చూడండి. ఎక్కువగా చదివే వెబ్‌సైటుకు ఐదేళ్ల పాటు రోజుకొకసారి అన్నది సరిపోతుంది. లాగ్‌లు, సెషన్లు ఎడతెగకుండా రాసే చోట మూడు అన్నది చూసుకోండి.

హార్డ్ డిస్కులు కొనేటప్పుడు అవి సీఎంఆరా, ఎస్ఎంఆరా అని అడగండి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అక్కడక్కడా రాసినప్పుడు బాగా నెమ్మదిస్తాయి. 2020 ఏప్రిల్‌లో వెస్ట్రన్ డిజిటల్ రెడ్ వరుసలోని 2 నుంచి 6 టెరాబైట్ల డిస్కులు కొన్ని ఎస్ఎంఆర్ అని బయటపడింది. అప్పటిదాకా ఆ సంగతి పెట్టె మీద గానీ పత్రంలో గానీ లేదు. రైడ్‌లో చెడిన డిస్కు బదులు ఇలాంటిది పెడితే, తిరిగి నింపే పని గంటలు కాదు, రోజులు పట్టి మధ్యలోనే ఆగిపోయిన సందర్భాలున్నాయి. మోడల్ సంఖ్య పూర్తిగా తెలుసుకోకుండా డబ్బు ఇవ్వకండి.

రైడ్ కార్డు గురించి నా అభిప్రాయం అందరికీ నచ్చకపోవచ్చు. చిన్న సంస్థకు ప్రత్యేక రైడ్ కార్డు వద్దు. కార్డు పోతే దాదాపు అదే వంశం కార్డు దొరికేదాకా డిస్కులు మూగబోతాయి. దాని లిథియం బ్యాటరీ రెండు మూడేళ్లకు ఉబ్బవచ్చు, అది చూసేవాళ్లుండరు. లైనక్స్‌లోని ఎండీ రైడ్‌తో గానీ, జెడ్ఎఫ్ఎస్‌తో గానీ కట్టిన జంట అయితే, ఏ పెట్టెలో పెట్టినా తెరుచుకుంటుంది. ఇప్పటికే కార్డు ఉన్నవాళ్లు బ్యాటరీ రకం కాకుండా సూపర్ కెపాసిటర్ రకానికి మారండి.

రెండు డిస్కుల అద్దం (మిర్రర్), దానికి తోడు ఒక డిస్కు ఖాళీగా సిద్ధం. వెబ్ సర్వర్‌కు ఇది చాలు. పెద్ద హార్డ్ డిస్కులు నాలుగైదు కలిపి రైడ్ 5 కట్టకండి. మామూలు డిస్కుల పత్రాల్లో ప్రతి పన్నెండున్నర టెరాబైట్లు చదివితే ఒక చదవలేని తప్పు రావచ్చన్న హద్దు రాసి ఉంటుంది. ఒకటి పోయాక మిగిలినవన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిన వేళ ఆ అంకె గుర్తుకొస్తుంది.

ఇంకో విషయం చాలామంది ఎరగరు. 2016 సెప్టెంబరులో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్‌లో మంటలార్పే గ్యాసు వ్యవస్థను పరీక్షించారు. మంట లేదు, పొగ లేదు. పీడనంతో గ్యాసు బయటికొచ్చిన ఆ చప్పుడుకే డజన్లకొద్దీ హార్డ్ డిస్కులు దెబ్బతిన్నాయి. బ్యాంకు సేవలు దాదాపు పది గంటలు ఆగాయి. తిరిగే పళ్లేలున్న డిస్కులకు పెద్ద శబ్దం దెబ్బే. మీ డేటా సెంటర్‌లో గ్యాసు నాజిళ్లకు శబ్దం తగ్గించే అమరిక ఉందా అని అడగండి. ముఖ్యమైన డేటాబేసు ఎస్ఎస్‌డీ మీదే ఉంచండి.

2021 మార్చి 10 తెల్లవారుజామున ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్లలో ఒకటైన ఎస్‌బీజీ2 పూర్తిగా కాలిపోయింది. పక్క భవనంలోనూ కొంత పోయింది. బ్యాకప్‌ను అదే ఆవరణలో పెట్టుకున్న ఖాతాదారులకు రెండూ పోయాయి. హైదరాబాద్‌లో సర్వర్ ఉంటే బ్యాకప్ విజయవాడలోనో ముంబైలోనో ఉండాలి. అదే ర్యాక్‌లో పైనున్న యూలో పెట్టిన బ్యాకప్ పెట్టెను బ్యాకప్ అనకండి. తిరిగి తెరిచి చూడని కాపీని కూడా అనకండి.

దూరం నుంచి తాకే చేయి

నేను ఎఫ్1 నొక్కడానికి వెళ్లిన ప్రయాణం ఒక్క చిప్పు ఉంటే తప్పేది. సర్వర్ మదర్‌బోర్డుల మీద బీఎంసీ అనే చిన్న కంప్యూటరు ఉంటుంది. సర్వర్ ఆగిపోయినా అది మేలుకునే ఉంటుంది. డెల్ వాళ్లు ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీఈ వాళ్లు ఐలో అంటారు. దాని ద్వారా ఇంటి నుంచే తెర చూడవచ్చు, మీట నొక్కవచ్చు, ఆపి మళ్లీ లేపవచ్చు, ఉష్ణోగ్రత చదవవచ్చు. బీఎంసీ లేని మదర్‌బోర్డును కొలొకేషన్‌కు పంపకండి. కొన్ని కంపెనీలు తెర చూపే సౌకర్యాన్ని వేరే లైసెన్సు పెట్టి అమ్ముతాయి. కొనే ముందే ధరలో అది ఉందో లేదో అడగండి.

అయితే ఈ చేయి దొంగకు దొరికితే సర్వర్ మొత్తం దొరికినట్టే. ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియకుండానే డిస్కు చెరిపేయవచ్చు. బీఎంసీతో మాట్లాడే ఐపీఎంఐ 2.0 పద్ధతి నిర్మాణంలోనే ఒక లోపముంది. యూజర్ పేరు తెలిసిన ఎవరైనా అడిగితే పాస్‌వర్డ్ హ్యాష్‌ను అది ఇచ్చేస్తుంది. 2013లో బయటపడిన ఈ లోపాన్ని ప్యాచ్‌తో సరిచేయలేరు. 2023 జూన్‌లో అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థలు సీసా (CISA), ఎన్ఎస్ఏ కలిసి బీఎంసీలను ఎలా కాపాడుకోవాలో సూచనలు విడుదల చేయవలసి వచ్చిందంటే సమస్య ఎంతటిదో తెలుస్తుంది.

కాబట్టి బీఎంసీకి విడి పోర్టు ఉన్న బోర్డు ఎంచుకోండి. మామూలు నెట్‌వర్క్ పోర్టునే పంచుకునే రకం వద్దు. పబ్లిక్ ఐపీ దానికి ఇవ్వకండి. వీపీఎన్ వెనక ఉంచండి. డేటా సెంటర్ అలాంటి విడి లైను ఇవ్వకపోతే ర్యాక్‌లో ఒక చిన్న రౌటరు పెట్టుకోండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మొదటి రోజే మార్చాలి. పాత డెల్ యంత్రాల మీది రూట్, క్యాల్విన్ జంట ప్రపంచమంతటికీ తెలుసు. భద్రతా ప్యాచ్‌లు ఇవ్వడం కంపెనీ ఆపేసిన తరం బోర్డును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

కరెంటు తిరిగొస్తే తనంతట తానే లేవమని బయోస్‌లో సెట్ చేయండి. కీబోర్డు లేకపోతే ఆగమనే సెట్టింగు తీసేయండి. సీఆర్2032 బిళ్ల బ్యాటరీని సర్వర్ పంపే రోజున కొత్తది వేయండి. పాతదాన్ని బల్ల మీద వదిలేయకండి. పసిపిల్లలు మింగితే అది గొంతులోనే కాలుస్తుంది.

నెట్‌వర్క్ సంగతి క్లుప్తంగా చెబుతాను. పోర్టులు రెండు ఉండాలి, లైనక్స్‌లో ఏళ్ల తరబడి నలిగిన చిప్పు కావాలి. ఫైబరు మాడ్యూల్ తీసినప్పుడు ఆ రంధ్రంలోకి కన్ను పెట్టి చూడకండి. లోపలి లేజరు కంటికి కనిపించదు.

పాత సామాను

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో తిరిగితే, పెద్ద కంపెనీలు వదిలించుకున్న సర్వర్లు కొత్త ధరలో కొద్ది వంతుకే దొరుకుతాయి. పాతది కొనడం తప్పని నేననను. పెట్టె, మదర్‌బోర్డు, ప్రాసెసర్, ఈసీసీ ర్యామ్ పాతవైనా పరీక్షించి వాడుకోవచ్చు. డిస్కులు, ఫ్యాన్లు, పవర్ సప్లైలు మాత్రం కొత్తవే కొనండి. అరిగిపోయేవి ఇవే. అదే మోడల్‌కు రెండేళ్ల తర్వాత కూడా పవర్ సప్లై దొరుకుతుందా అని దుకాణదారుని అడగండి. దొరకదంటే ఇప్పుడే ఒకటి అదనంగా కొని, డేటా సెంటర్‌లో మీ పేరు రాసి ఉంచండి.

కొత్త డిస్కు అని ఇచ్చినా నమ్మి ఊరుకోవద్దు. 2025 జనవరిలో జర్మనీలో ఒక మోసం బయటపడింది. వేల గంటలు నడిచిన సీగేట్ డిస్కుల్లో గంటల లెక్క చెరిపేసి కొత్తవిగా అమ్మారు. డిస్కు తన ఆరోగ్యం రాసుకునే మామూలు స్మార్ట్ లెక్క సున్నా చూపింది. డిస్కులో విడిగా ఉండే ఫార్మ్ లాగ్ అసలు నిజం చెప్పింది. స్మార్ట్‌సీటీఎల్ ప్రోగ్రాం కొత్త వెర్షన్లు ఆ లాగ్‌ను చదువుతాయి. డిస్కు కొన్న రోజే రెండు లెక్కలూ పోల్చి, తేడా ఉంటే వెంటనే తిరిగి ఇచ్చేయండి. దానికోసం బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి. నంబరు లేని బిల్లుతో వారంటీ అడగడం కష్టం.

చెడిన డిస్కును వారంటీకి పంపేముందు అందులో ఎవరి వివరాలున్నాయో ఆలోచించండి. మొదటి నుంచీ డిస్కులను ఎన్‌క్రిప్ట్ చేసి వాడితే ఈ బెంగ ఉండదు. చేయనివాటిని వారంటీ వదులుకునైనా ధ్వంసం చేయించండి. పాత సామానును తుక్కువాడికి అమ్మకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లరుకే ఇవ్వాలి.

కారెక్కించే ముందు

సర్వర్ ముందు భాగంలో ప్రతి డిస్కు గూటికీ దాని సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు రాసి అతికించండి. వెనక వైపు వైర్లకు రెండు చివర్లా ఒకే గుర్తు పెట్టండి. 'ఏ' లైనుకు ఒక రంగు, 'బీ' లైనుకు ఇంకో రంగు. మా దగ్గర ఒకసారి డ్యూటీలో ఉన్న కుర్రాడు చెడిన డిస్కు బదులు బాగున్నది లాగేశాడు. అతని తప్పేమీ లేదు. మూడో డిస్కు అని మేం ఫోనులో చెప్పాం. మా లెక్క సున్నా నుంచి, అతని లెక్క ఒకటి నుంచి.

మూత మీద ఒక కాగితం అంటించండి. సర్వర్ పేరు, మీ ఫోను నంబరు, ఇంకొకరి నంబరు, అడగకుండా ఏది ముట్టుకోకూడదో, అదనపు పవర్ సప్లై ఎక్కడ ఉందో. తెలుగులోనూ ఇంగ్లిషులోనూ పెద్ద అక్షరాలతో రాయండి. ఆ కాగితం అంటించనిదే సర్వర్‌ను కారెక్కించకండి.